ఏజెన్సీ పెట్టిన పోస్టుకూ జవాబుదారీ డాక్టరే

ప్రశ్న: నేను చర్మవ్యాధుల డాక్టర్‌ని. హనుమకొండలో సొంత క్లినిక్ ఉంది. మొటిమలు, తామర, జుట్టు రాలడం గురించి తెలుగులో చిన్న వీడియోలు చేస్తుంటాను. వాటిని చూసి ములుగు, భూపాలపల్లి, నర్సంపేట నుంచి కూడా పేషెంట్లు వస్తున్నారు. ఇప్పుడు ఒక డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీ వాళ్లు ‘మీ పేరునే బ్రాండ్ చేస్తాం’ అని నెలవారీ ప్యాకేజీ చెప్పారు. అందులో ‘వరంగల్‌లో నంబర్ వన్ స్కిన్ డాక్టర్’ అనే పోస్టులు, చికిత్సకు ముందు, తర్వాత తీసిన ఫొటోలు, నెలనెలా కొన్ని ఫైవ్ స్టార్ రివ్యూలు ఉన్నాయి. మొన్న ఒకామె ‘డబ్బులు గుంజారు, మచ్చలు పోలేదు’ అని రివ్యూ పెడితే కోపమొచ్చి నేనూ జవాబు రాశాను. స్క్రీన్‌షాట్ పంపుతున్నాను. ఆమె మీద పరువు నష్టం కేసు వేయొచ్చా? ఇంకెవరో నా వీడియో ముక్క కత్తిరించి, ఒళ్లు తెల్లబడే క్రీం అంటూ అమ్ముకుంటున్నారు. దీనికేం చేయాలి?
– పేరు వేయవద్దన్న డాక్టర్, హనుమకొండ

జవాబు: డాక్టర్ గారూ, కేసు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రివ్యూ కింద మీరు రాసిన జవాబు ఈ రోజే తీసేయండి. ఒక కాపీ మాత్రం దాచుకోండి. రేపు ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చూపించగలగాలి.

మీరు రాసింది ఇది: ‘మూడో సిట్టింగ్‌కు మీరు రానే లేదు. మీకు పీసీఓడీ ఉంది, హార్మోన్ పరీక్షలు చేయించుకోమంటే వినలేదు, మచ్చలు ఎలా పోతాయి?’ ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఆమె సొంత పేరుతో, సొంత ఫొటోతో రివ్యూ పెట్టింది. ఆమెకు పీసీఓడీ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ సమస్య) ఉందన్న సంగతి ఇప్పుడు ఆమె ఆఫీసువాళ్లూ చూడొచ్చు, చుట్టాలూ చూడొచ్చు, సంబంధం మాట్లాడడానికి వచ్చేవాళ్లూ చూడొచ్చు. డాక్టర్ అనే నమ్మకంతో మీ గదిలో చెప్పుకున్న విషయం అది. పేషెంటు గురించి వృత్తిలో భాగంగా తెలిసిన రహస్యాన్ని బయటపెట్టడం 2002 నాటి భారత వైద్య మండలి ప్రవర్తనా నియమాల ప్రకారం దుష్ప్రవర్తనే. కోర్టు ఆదేశం, ప్రజలకు తీవ్రమైన ప్రమాదం, తప్పక తెలియజేయాల్సిన జబ్బు వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు ఉంది. కోపం వాటిలో లేదు. ఆమె తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే, రివ్యూ వల్ల మీకు జరిగిన నష్టం కంటే మీ జవాబు వల్ల జరిగేదే పెద్దది అవుతుంది. రిజిస్టర్ నుంచి పేరు కొంతకాలం తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది.

ఆ జవాబు స్థానంలో రెండు వాక్యాలు పెట్టండి, చాలు: ‘ఎవరి చికిత్స గురించీ ఇక్కడ మాట్లాడకూడదన్నది మా వృత్తి నియమం. క్లినిక్‌కు ఫోన్ చేస్తే నేనే స్వయంగా మాట్లాడతాను.’ కొత్తగా మీ పేజీ చూసేవాళ్లు రివ్యూతో పాటు దాని కింద డాక్టర్ ఎలా మాట్లాడారో కూడా చదువుతారు. నా విషయాలు ఈ డాక్టర్ దగ్గర భద్రంగా ఉంటాయి అనే ధైర్యం ఆ రెండు వాక్యాలతో వస్తుంది. ఏ ప్యాకేజీ కొన్నా అది రాదు.

ఇక పరువు నష్టం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు సాధారణ జైలు, జరిమానా లేదా సమాజ సేవ శిక్షగా ఉన్న మాట నిజం. అయితే దీనికి పోలీసులు నేరుగా కేసు కట్టరు, మీరే మేజిస్ట్రేట్ ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయాలి. ‘ఇంత ఖర్చయింది, నాకు తగ్గలేదు’ అని ఒక పేషెంటు సదుద్దేశంతో తన అనుభవం చెప్పుకుంటే దానికి చట్టంలోనే రక్షణ ఉంది. పైగా ఆమె మాట అబద్ధమని చూపడానికి మీరు ఆమె కేసు షీట్‌ను కోర్టులో పరచాలి. ఆమె మీద కేసు వేయొద్దు, నోటీసు కూడా పంపొద్దు. ఎన్నడూ మీ క్లినిక్ గడప తొక్కని మనిషి జరగని సంగతులు కల్పించి రాస్తే అది వేరే కథ. అప్పుడు సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేయొచ్చు. ప్రచురించిన ఏడాదిలోగా వేయాలి, ఆ గడువు దాటనివ్వకండి.

ఏజెన్సీ ప్యాకేజీ విషయంలో మీకు గట్టిగానే చెప్పాలి. సోషల్ మీడియాలో డాక్టర్లు ఎలా ఉండాలో చెప్పే కొత్త నియమాలను నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టులో తెచ్చింది. అదే నెలలో వాటిని పక్కన పెట్టింది. కాబట్టి మనకు దిక్కు మళ్లీ 2002 నియమాలే. వాటి ప్రకారం డాక్టర్ నేరుగా గానీ ఇంకొకరి ద్వారా గానీ పేషెంట్లను రమ్మని పిలవకూడదు. తాను నయం చేసిన కేసుల గురించి గొప్పలు చెప్పుకోకూడదు, అలా ప్రచురించడానికి ఇతరులకు అనుమతి ఇవ్వకూడదు. ‘ఇంకొకరి ద్వారా’ అన్న మాట దగ్గరే ఏజెన్సీ వ్యవహారం చిక్కుకుంటుంది. పోస్టు మేం పెట్టలేదు, మార్కెటింగ్ వాళ్లు పెట్టారు అంటే కౌన్సిల్ ముందు చెల్లదు. రిజిస్ట్రేషన్ నంబరు మీది, జవాబుదారీ మీది. మా వకీళ్లకూ ఇలాంటి కట్టుబాటే ఉంది. బార్ కౌన్సిల్ 36వ నియమం ప్రకారం కేసుల కోసం మేం ప్రకటనలు ఇవ్వకూడదు. హనుమకొండ చౌరస్తాలో ఎవరెవరి ఫ్లెక్సీలో కనిపిస్తున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. ఇతరులు చేస్తున్నారన్నది విచారణలో సమాధానం కాదు.

‘నంబర్ వన్’ అని ఎవరు తేల్చారు? ఏ లెక్కన తేల్చారు? ఆధారం చూపలేని మాటను వినియోగదారుల రక్షణ చట్టం, 2019 తప్పుదోవ పట్టించే ప్రకటన అంటుంది. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2019 చట్టం కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. సివిల్స్ ర్యాంకుల గురించి గొప్పగా ప్రకటించుకున్న కోచింగ్ సెంటర్లకు ఇప్పటికే జరిమానాలు వేసింది కూడా. కొన్న రివ్యూలూ ఇదే దారి. చికిత్స పొందని మనిషి పేరుతో ‘డాక్టర్ గారి చేతి చలవ’ అని రాయించడం జబ్బుతో ఉన్న మనిషిని మోసం చేయడమే. పరకాల నుంచి బస్సెక్కి వచ్చే తల్లి ఆ ఫైవ్ స్టార్ రివ్యూలు చూసే బిడ్డను మీ దగ్గరికి తెస్తుంది.

ముందు, తర్వాత ఫొటోలకు పేషెంటు సంతకం ఉంటే చాలని ఏజెన్సీ చెప్పి ఉంటుంది. చాలదు. గుర్తుపట్టేలా ఉన్న ఫొటో ప్రచురించాలంటే అనుమతి కావాలన్నది ఒక నియమం. నయం చేశానని చాటుకోకూడదన్నది మరో నియమం. సంతకం మొదటిదాన్ని దాటిస్తుంది గానీ రెండోదాన్ని దాటించదు. ఒక జబ్బు ఎలా ఉంటుందో చూపడానికి ఫొటో తప్పనిసరి అయితే మొహం, పుట్టుమచ్చ, పచ్చబొట్టు ఏవీ కనపడకుండా చూసుకోండి. అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, ఎక్కడ వాడతారో రాసి ఉండాలి, వద్దంటే తీసేస్తామన్న మాట ఉండాలి.

అలాగని వీడియోలు ఆపమనడం లేదు. ప్రజారోగ్యం గురించి డాక్టర్ తన పేరుతో రాయొచ్చు, మాట్లాడొచ్చు అని ఆ నియమాలే చెబుతున్నాయి. తామరకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్ కలిసిన క్రీం రాస్తే ముందు తగ్గినట్టే తగ్గి తర్వాత ఒళ్లంతా పాకుతుందని మీరు చేసిన వీడియో చూశాను. మన పల్లెల్లో అది వినాల్సినవాళ్లు ఎందరో ఉన్నారు. అలాంటివి ఇంకా చేయండి. దాని చివర ‘ఈ వారం మా క్లినిక్‌లో 20 శాతం తగ్గింపు’ అని ఒక్క ముక్క చేర్చినా అది ప్రకటన అయిపోతుంది. మీ పేజీలో పేరు, గుర్తింపు పొందిన డిగ్రీ, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఫీజు ఉంచండి. ఈ రోజుల్లో ఆ నంబరు చూసి సరిచూసుకునే పేషెంట్లూ ఉన్నారు.

తెల్లబడే క్రీం సంగతి తొందరగా చూడాలి. ఏ మందునూ ఏ వస్తువునూ డాక్టర్ సిఫారసు చేస్తూ ప్రకటనలో కనపడకూడదు, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా సరే. మీ మొహంతో క్రీం అమ్ముతుంటే మీరు ఊరుకున్నారంటే, ఒప్పుకున్నారనే అనుకుంటారు. ముందు మీ పేజీలో ‘ఈ క్రీంతో నాకు సంబంధం లేదు’ అని తేదీతో పెట్టండి. ఆ పేజీ లింకు, అకౌంటు పేరు, డబ్బు పంపమన్న నంబరు లేదా క్యూఆర్ కోడ్ కనిపించేలా స్క్రీన్‌షాట్లు, స్క్రీన్ రికార్డింగ్ తీసుకోండి. తీసిన ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. మీ అసలు వీడియో ఫైలు కూడా దాచండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ లేకపోతే ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో నిలవడం కష్టం. అందులో రెండు భాగాలున్నాయి, ఒకటి మీరు ఇవ్వాలి, రెండోది నిపుణుడు ఇవ్వాలి.

తర్వాత ఆ యాప్‌లో ‘నా పేరుతో, రూపంతో నటిస్తున్నారు’ అనే కారణం కింద మీరే ఫిర్యాదు చేయండి. బాధితులే ఫిర్యాదు చేస్తే అలాంటివి 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నియమాలు మొదట పెట్టాయి, 2026 ఫిబ్రవరి సవరణతో ఆ గడువు రెండు గంటలకు తగ్గింది. వాళ్లు పట్టించుకోకపోతే 30 రోజుల్లో కేంద్రం ఏర్పాటు చేసిన అప్పీలు కమిటీకి వెళ్లొచ్చు. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఆ కాపీతో వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు వెళ్లండి. ఐటీ చట్టం 66సీ (ఒకరి గుర్తింపును దొంగిలించడం), 66డీ (ఇంకొకరిలా నటించి మోసం చేయడం) సెక్షన్లు ఫిర్యాదులో రాయండి. ఒక్కోదానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంది. క్రీం కొని మోసపోయినవాళ్లెవరైనా మీకు ఫోన్ చేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పమనండి.

ఏజెన్సీతో అసలే వద్దనుకోనక్కర్లేదు. వీడియో ఎడిటింగ్, టైటిళ్లు వాళ్లతో చేయించుకోండి. అగ్రిమెంటు మాత్రం మీరు రాయించండి. పేజీలన్నీ మీ మెయిల్, మీ ఫోన్ నంబరు మీదే ఉండాలి. మీరు చూసి సరేనన్నాకే పోస్టు వెళ్లాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలు, వీడియోలపై కాపీరైటు వేరే ఒప్పందం లేకపోతే సాధారణంగా మీదే, కానీ లోగో అలా కాదు. డిజైన్ చేసిన మనిషి హక్కును రాతపూర్వకంగా బదిలీ చేయాలి, ఆ మాట అగ్రిమెంటులో రాయించండి. ఒప్పందం ముగిసిన వారంలో పాస్‌వర్డులు, అసలు ఫైళ్లు అప్పగించాలని కూడా చేర్చండి. ఒప్పుకోకపోతే సంతకం పెట్టకండి.