మాస్ట్ కొనే ముందు తెరచాపను చదువు

కాకినాడ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. యానాం దగ్గర గౌతమి పాయలో, బోర్డు మీద నిలబడి తెరచాపతో సాగే విండ్‌సర్ఫింగ్ నేర్చుకోవడానికి 6.5 చదరపు మీటర్ల పాత తెరచాప ఒకటి చౌకగా దొరికిందనీ, దానికి 460 సెంటీమీటర్ల మాస్ట్ (తెరచాపను నిలబెట్టే కర్ర) ఏదైనా సరిపోతుందని అమ్మినవాళ్లు చెప్పారనీ, నూరు శాతం కార్బన్ ఫైబర్ ఉన్నదే కొనమంటావా అనీ అడిగావు. డబ్బు కట్టకముందే అడిగినందుకు సంతోషం. పొడవు ఒక్కటే చూసుకుని కొంటే ఏమవుతుందో నాకు ఒంటికి పట్టేలా తెలిసింది గనుక ముందు అది చెప్పి, కార్బన్ సంగతి తరవాత చెబుతాను.

చాలా ఏళ్ల కిందట నేనూ అలాగే ఒక పాత మాస్ట్ కొన్నాను. పొడవు సరిపోయింది, తెరచాప ఒరలోకి సాఫీగా దూరింది, ఒడ్డున నిలబెట్టి చూస్తే వంక పెట్టడానికేమీ కనబడలేదు. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి పుంజుకున్నాక, హోప్ ఐలాండ్‌కు లోపలివైపు ఉండే నెమ్మది నీళ్లలోకి దిగాను. గాలి విసిరిన ప్రతిసారీ తెరచాప పైభాగం దాన్ని వదిలిపెట్టకుండా బిగిసి నిలిచేది. బరువంతా పైకి చేరి వెనక చేతిని లాగేసేది. ఒడ్డుకు వచ్చి డౌన్‌హాల్, అంటే తెరచాపను కిందికి లాగి పట్టే తాడు, ఇంకా బిగించాను. కింది భాగం పళ్లెంలా చదునైపోయింది గానీ పైభాగం సడలలేదు. నాలుగుసార్లు నీళ్లలో పడ్డాక, బూమ్ (తెరచాపకున్న చేతిపట్టు కర్ర) పట్టుకునే ఓపిక లేక, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులే తెడ్లుగా ఒడ్డు చేరాను. అది నా చేతకానితనమేనని చాలా రోజులు అనుకున్నాను. ఆ తెరచాప ఫ్లెక్స్ టాప్, అంటే కొస మెత్తగా వంగే మాస్ట్ కోసం కుట్టినదనీ, నేను కొన్నది హార్డ్ టాప్, అంటే కొస గట్టిగా ఉండేది అనీ తరవాత ఎవరో చెబితే తెలిసింది.

కారణం నీకు కంటికే కనబడుతుంది. నీ తెరచాపను నేల మీద పరిచి చూడు. ముందు అంచు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉండదు. నడుమ కొంచెం ముందుకు ఉబ్బి, పైకి పోయేకొద్దీ వెనక్కి తగ్గుతూ కోసి ఉంటుంది. మాస్ట్ ఆ ఒరలోకి దూరి, డౌన్‌హాల్ బిగించినప్పుడు, ఆ కోతకు తగ్గట్టుగా వంగాలి. కోతకు మించి వంగిన చోట గుడ్డ చదునవుతుంది. తక్కువ వంగిన చోట గుడ్డ మిగిలిపోయి పొట్ట పెరుగుతుంది. కొస దగ్గరి వంపుకు ఇంకో పని కూడా ఉంది: అది వెనక అంచును సడలించి, విసురు వచ్చినప్పుడు ఎక్కువైన గాలిని పైనుంచే జారవిడుస్తుంది. కొస గట్టిగా ఉండే మాస్ట్‌ను మెత్తని కొసకు కోసిన తెరచాపలో పెడితే నాకు జరిగిందే జరుగుతుంది. అదే కొస మెత్తని మాస్ట్‌ను గట్టి కొసకు కోసిన తెరచాపలో పెడితే, పైభాగం వదులై రెపరెపలాడుతుంది, కింద పొట్ట తగ్గదు, మలుపు తిప్పినప్పుడు తెరచాపలో అడ్డంగా దూర్చిన బద్దలు మాస్ట్‌కు అడ్డం తగిలి ఓ పట్టాన అటు తిరగవు.

కాబట్టి మాస్ట్ విషయంలో పొడవు కాక ఇంకో రెండు సంగతులు చూడాలి. మొదటిది మొత్తం మీద ఎంత బిగువుగా ఉందన్నది. దాన్ని ఐఎంసీఎస్ అనే అంకెతో చెబుతారు. సాధారణంగా 370 మాస్ట్‌కు 17, 400కు 19, 430కు 21, 460కు 25 ఉంటుంది. రెండోది ఆ వంపు మొదలుకూ కొసకూ మధ్య ఎలా పంచుకుని ఉందన్నది. పడవవాళ్ల గెడ, గాలం కర్ర రెండూ వంగుతాయి గానీ ఒకే తీరున వంగవు కదా. బిగువు అంకె ఒకటో రెండో అటూ ఇటూ అయితే పెద్ద నష్టం లేదు. నీలాంటి బక్కపలచని వాడికి కొంచెం మెత్తగా ఉండటమే సుఖం. వంపు తీరు తప్పితే మాత్రం డౌన్‌హాల్‌తో సరిదిద్దలేవు.

పాత మాస్ట్ మీద అచ్చు చెరిగిపోయి ఉంటే ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కావిడి బద్దకు నడుమ భుజం, రెండు కొసలా బరువు ఉంటాయి. ఇక్కడ దాన్ని తలకిందులు చేయాలి. మాస్ట్ రెండు ముక్కలూ కలిపి, రెండు చివరలకు దగ్గరగా రెండు బల్లల మీద ఆనించి, నడుమ 30 కిలోల బరువు వేలాడదీయి. 25 కిలోల బియ్యం బస్తాకు 5 కిలోల బెల్లం దిమ్మ జోడిస్తే లెక్క సరిపోతుంది, అమ్మకు మాత్రం ముందే చెప్పు. బరువు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి నేల నుంచి ఎత్తు కొలిచి, తేడా రాసుకో. నడుమన, మొదలు నుంచి పావువంతు దూరంలో, కొస నుంచి పావువంతు దూరంలో, మూడుచోట్లా కొలవాలి. 460 మాస్ట్ నడుమ 18.4 సెంటీమీటర్లు దిగితే, 460ని 18.4తో భాగించగా ఐఎంసీఎస్ 25. మొదలువైపు 11.8, కొసవైపు 14 సెంటీమీటర్లు దిగితే అవి నడిమి వంపులో 64, 76 శాతాలు. తేడా 12 గనుక అది కాన్‌స్టంట్ కర్వ్, అంటే వంపు సమంగా పంచుకుని ఉన్నది. అదే 11.2, 14.5 అయితే 61, 79 అవుతాయి. తేడా 18కి పోయింది గనుక ఫ్లెక్స్ టాప్. తేడా తొమ్మిది లోపే ఉంటే హార్డ్ టాప్ వైపు. కాన్‌స్టంట్ కర్వ్‌కూ ఫ్లెక్స్ టాప్‌కూ మధ్య ఒక్కోచోట ఉన్నది అర సెంటీమీటరే సుమా! అందుకే దర్జీ టేపుతో ఉజ్జాయింపుగా కాక, స్టీలు టేపుతో మిల్లీమీటరు దాకా చూసి రాసుకో.

ఇక తెరచాపకు ఏది కావాలన్నది దాని కింది మూల దగ్గర అచ్చు వేసి ఉంటుంది. లఫ్ (ముందు అంచు పొడవు) 468, మాస్ట్ 460 అని ఉంటే 8 సెంటీమీటర్లు కింద ఎక్స్‌టెన్షన్ ముక్కతో కలపాలి. వంపు తీరు అక్కడ రాసి ఉండకపోతే ఏ కంపెనీది, ఏ ఏడాదిది అన్నది చూసుకోవాలి: నీల్ ప్రైడ్ తెరచాపలు చాలాకాలం ఫ్లెక్స్ టాప్ వైపు, సెవర్న్ తెరచాపలు కాన్‌స్టంట్ కర్వ్ వైపు ఉంటూ వచ్చాయి. కంపెనీలు మధ్యలో పద్ధతి మార్చుకోవడమూ ఉంది గనుక ఏడాది అడగకుండా బేరం ఖాయం చేయకు. మొదలు ఒక మాస్ట్‌దీ, కొస ఇంకో మాస్ట్‌దీ కలిపి ఇస్తానంటే ఎంత చౌకైనా వద్దను. ఆ రెండూ కలిసి ఎలా వంగుతాయో అమ్మేవాడికీ తెలియదు.

కార్బన్ శాతం బిగువునూ చెప్పదు, వంపునూ చెప్పదు. అది పెరిగితే మాస్ట్ తేలికవుతుంది, వంగినది చురుగ్గా వెనక్కి వస్తుంది, ధర పెరుగుతుంది, రాయికో బోర్డు అంచుకో తగిలితే తట్టుకునే ఓర్పు తగ్గుతుంది. రోజుకు ఇరవైసార్లు పడే దశలో నీకు 50 నుంచి 75 శాతం చాలు. సరైన వంపున్న 50 శాతం మాస్ట్ దొరికితే, వంపు కుదరని నూరు శాతం దాన్ని ఊరికే ఇచ్చినా తీసుకోకు.

గౌతమి ఒడ్డున ఒండ్రు మెత్తగా ఉంటుంది. మాస్ట్ రెండు ముక్కలు కలిసే చోట అది చేరితే కీలు పూర్తిగా కూర్చోదు, కూర్చోని కీలు మీద డౌన్‌హాల్ బిగిస్తే మాస్ట్ అక్కడే విరుగుతుంది. కలిపే ముందు మంచినీళ్లతో కడిగి, తుడిచి, కీలు చుట్టూ టేపు వేయి. డౌన్‌హాల్ బిగించాక పై బద్దల మధ్య వెనక అంచు వేలితో తడితే వదులుగా ఊగాలి, బూమ్‌కు పైనున్న బద్ద కొస మాస్ట్ మధ్యగీత దాకా రావాలి.

కొలిచిన మూడు అంకెలు, తెరచాప మూల మీది అచ్చు ఫోటో నాకు పంపు. అవి చూశాకే ఆ 460కి బయానా ఇవ్వు.

ఇట్లు,
నీ మామయ్య