స్క్రూలు లేని రంపం కొన్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. కొత్త రంపం మెషీన్ ఫొటో చూశాను. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బరేటర్ పక్కన స్క్రూడ్రైవర్ పెట్టే కన్నాల కోసం వెతికాను, కనబడలేదు. "ఆటో ట్యూనింగ్ మావయ్యా, ఇంక దేన్నీ ముట్టుకోనక్కర్లేదు" అని ఫోన్లో అన్నావు. ఆ మాట సగం నిజం. మిగతా సగం గురించి ఫోన్లో చెబితే నువ్వు ఊఁ కొట్టి వదిలేస్తావని రాస్తున్నాను.

ముందు మా రోజుల సంగతి. పాత మెషీన్‌కి మూడు స్క్రూలుండేవి. ఎల్ అనేది తక్కువ స్పీడుకి, హెచ్ అనేది ఫుల్ స్పీడుకి, మూడోది ఐడిలింగ్‌కి, అంటే ఎక్సలేటర్ నొక్కకుండా ఊరికే తిరిగేటప్పటి స్పీడుకి. హెచ్ స్క్రూ బిగిస్తే పెట్రోల్ తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. పెట్రోల్ తగ్గినప్పుడు శబ్దం సన్నగా, కీచుగా, మంచి హుషారుగా వినబడుతుంది. కుర్రాళ్ళు మోసపోయేది అక్కడే. టూ స్ట్రోక్ ఇంజనుకి ఆయిల్ విడిగా పొయ్యం కదా, పెట్రోల్లో కలిపిందే పిస్టన్‌కి అందే తడి. పెట్రోల్ తగ్గితే ఆ తడీ తగ్గుతుంది, పైగా వేడి పెరుగుతుంది.

నేనూ మోసపోయాను. ఓ ఏడు రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చెవితో విని ట్యూన్ చేసుకున్నాను. అదే సెట్టింగుతో నెలగంట పెట్టాక అంతర్వేది వైపు సరుగుడు తోట కొట్టడానికి వెళ్ళాను. తెల్లారగట్ల మంచు, గాలి చల్లగా, చిక్కగా ఉంది. చిక్కటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ, దానికి తగ్గ పెట్రోల్ మాత్రం వెళ్ళట్లేదు. మెషీన్ ఈల వేసినట్టు అరుస్తుంటే ఇవాళ పవర్ అదిరిందనుకుని మురిసిపోయాను. నాలుగో చెట్టు సగంలో టక్కున ఆగింది. తాడు లాగితే రాలేదు, ఇంజను పట్టేసింది. సైలెన్సర్ విప్పి ఆ కన్నంలోంచి చూస్తే పిస్టన్ మీద పైనుంచి కిందకి గీతలు, పిల్లి రక్కినట్టు. సిలిండరు, పిస్టన్ కొత్తవి వేయించేసరికి ఆ సీజను కూలంతా దానికే పోయింది.

నీ మెషీన్‌కి ఈ గండం చాలావరకు లేదు. ఆ స్క్రూల పని ఇప్పుడు ఒక చిప్పు, కరెంటుతో తెరుచుకుని మూసుకునే చిన్న వాల్వు కలిసి చేస్తాయి. బ్యాటరీ ఉండదు, ఇంజనుతోపాటు తిరిగే చక్రం, ఫ్లైవీల్, తిరిగితే పుట్టే కరెంటే దానికి చాలు. ఇంజను స్పీడుని అది ఎప్పుడూ గమనిస్తుంటుంది. పెట్రోల్‌ని ఓ పిసరు మార్చి, స్పీడు పెరిగిందా తగ్గిందా చూసుకుని, సరైన చోట నిలబెడుతుంది. నేను చెవితో చేసిన పనే అది లెక్కతో చేస్తుంది. రంపాల కంపెనీల్లో హస్క్‌వర్నా వాళ్ళు దీన్ని ఆటోట్యూన్ అంటారు, స్టిల్ వాళ్ళు ఎమ్-ట్రానిక్ అంటారు. స్టిల్ వాళ్ళ ఎమ్ఎస్ 500ఐ లో అయితే కార్బరేటరే లేదు, కొత్త బైకుల్లోలాగా ఇంజెక్షన్.

కొండలెక్కినా ట్యూనింగ్ చెడదని కంపెనీలు గొప్పగా చెప్పుకుంటాయి. కోనసీమలో కొండెక్కడుందిరా? మన నేల సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తు. నువ్వు ఎప్పుడైనా అరకు వైపు పనికెళ్తే, అక్కడ 900 మీటర్ల పైన గాలి పల్చన, అప్పుడు పనికొస్తుంది. మనకి దాని లాభం వేరే చోట ఉంది. రోహిణి ఎండకీ నెలగంట మంచుకీ అదే సర్దుకుంటుంది, వానాకాలం గాలిలో తేమకీ సర్దుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం పెట్రోల్. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. ఇథనాల్ ఉన్న పెట్రోల్ ఎక్కువ పోస్తేగాని గాలికి సరిపోదు. అందుకే స్క్రూల మెషీన్లు దాంతో తేలిగ్గా లీన్ అయిపోతాయి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందదు, వాటికి 10 శాతం దాటొద్దని పుస్తకాల్లోనే ఉంటుంది. ఎమ్-ట్రానిక్ వాటికి 25 శాతం దాకా పర్లేదని స్టిల్ వాళ్ళ పుస్తకం. నీ మెషీన్ పుస్తకంలో ఎంత రాశారో ఒకసారి చూసుకో.

అలాగని కలిపిన పెట్రోల్ నెలల తరబడి డబ్బాలో ఉంచకు. ఇథనాల్ మన గాలిలో తేమని లాగేస్తుంది, నీళ్ళు అడుగుకి దిగుతాయి. నీళ్ళని ఏ చిప్పూ ట్యూన్ చెయ్యలేదు. వారానికి సరిపడా కలుపుకో. లీటరుకి 20 మిల్లీలీటర్ల టూటీ (టూ స్ట్రోక్) ఆయిల్ అని నీ పుస్తకం చెబితే అంతే పొయ్యి. మీ నాన్న "మంచిదే కదా" అని చెయ్యి వొంచేస్తాడు, ఆ డబ్బా ఆయన చేతికివ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఆటో ట్యూనింగ్ రోగాన్ని దాచేస్తుంది. పాత మెషీన్‌కి ఎయిర్ ఫిల్టర్ పూడితే గాలి తగ్గి, పెట్రోల్ ఎక్కువై, నల్లపొగ కక్కి, బడబడమని చెప్పేసేది. నీది అలా చెప్పదు. గాలి తగ్గితే పెట్రోల్ కూడా తగ్గించుకుని నోరు మూసుకుని పనిచేస్తుంది. పొగ ఉండదు, శబ్దం మారదు, బలం మాత్రం రోజూ ఓ పిసరు తగ్గుతుంది. నువ్వేమో చైను మొద్దుబారిందనుకుని ఆకురాయి పెడుతూ కూర్చుంటావు. కొబ్బరి పొట్టు పీచుపీచుగా, మైదాలా పడుతుంది, ఫిల్టర్ పూడ్చడంలో దాన్ని మించింది లేదు. కొబ్బరి కోసిన రోజు రెండు ట్యాంకులకోసారి మూత తీసి చూడు.

గాలి లీకు ఇంకా ప్రమాదం. మనవాడొకడి మెషీన్‌కి కార్బరేటర్ వెనక రబ్బరు వెంట్రుకంత చీలింది. లోపలికి దొంగగాలి పోతుంటే చిప్పు పెట్రోల్ పెంచుకుంటూ నెట్టుకొచ్చింది. వాడికేం తెలుస్తుంది? పెంచగలిగినంతా పెంచేశాక ఓ రోజు కాలవ గట్టు మీద నిద్రగన్నేరు మోడు మధ్యలో నిలిచిపోయింది. తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. రబ్బరుని రెండు వేళ్ళతో వొంచితే చీలిక నోరు తెరిచింది. అంతకు పది రోజుల ముందు నుంచే వేడి మీద స్టార్ట్ కావడానికి నాలుగైదు లాగులు పట్టేదట, ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉండేదట. ఆటో కదా, అదే సర్దుకుంటుందని ఊరుకున్నాడు. ఆ రెండు గుర్తులూ నీకు కనబడితే ఆ రోజు పని ఆపెయ్.

అందుకని ఓ నోటు పుస్తకం పెట్టుకో. ఒక ట్యాంకుకి ఎంత లావు మాను ఎన్ని కోతలు వచ్చాయో రాసుకో. కోతలు తగ్గితే ముందు చైను, తర్వాత ఫిల్టర్, ఆ తర్వాత ట్యాంకులో పెట్రోల్ ఫిల్టర్ చూడు. పొగ చెప్పని సంగతి ఆ పుస్తకం చెబుతుంది.

ఫిల్టర్ మార్చినా, పెట్రోల్ మార్చినా మొదటి కోతలు అటూ ఇటూగా ఉండొచ్చు. గాల్లో పట్టుకుని ఎక్సలేటర్ నొక్కుతూ కూర్చోకు. వేడెక్కాక మానులో పెట్టి ఫుల్ మీద నాలుగైదు కోతలు కొయ్, బరువు మీదే అది నేర్చుకుంటుంది. మన కుర్రాళ్ళకి బైకు రైజ్ చేసినట్టు చెయ్యడం ఓ సరదా, ఆ సరదా దీని దగ్గర వద్దు.

ప్రెషర్ పంపుతో కడగొద్దు, లోపల వైర్లున్నాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు పనిచేసొచ్చిన రోజు పొడిగుడ్డతో తుడిచి పెట్టుకో. ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది వైరు కనెక్టర్లే. అవి చెడితే మన వీధి మెకానిక్ వల్ల కాదు, కంప్యూటర్ తగిలించి చూసే డీలర్ దగ్గరికే పోవాలి. తుఫాను తర్వాత పది ఊళ్ళ మెషీన్లూ అక్కడే క్యూ కడతాయి. అందుకే నీ పాత స్క్రూల మెషీన్ అమ్మకు, అటక మీద ఉండనీ. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరి తోటలు పడుకున్నప్పుడు మాకు గొడ్డళ్ళూ ఇద్దరు లాగే రంపాలే దిక్కు. ఇప్పుడు తుఫానొస్తే తెల్లారేసరికి దారిలో చెట్లు తియ్యమని నీకే ఫోనొస్తుంది. ఆ రోజు రెండో మెషీన్ ఉండాలి.

నీలా రోజూ కోతకెళ్ళేవాడికి ఈ ఖర్చు గిట్టుబాటే. మీ పక్కింటాయన ఏడాదికి రెండుసార్లు మట్టలు కొట్టుకోడానికి ఇలాంటిదే కొంటానంటున్నాడట, వద్దని చెప్పు.

చెవులకి మఫ్ పెట్టుకో. దాన్ని చెవితో ట్యూన్ చేసే పని ఎలాగూ లేదు. ఇంజను శబ్దం వినాలని చెవులు మూసుకోకుండా ఇన్నేళ్ళు పనిచేసిన పాపానికి నా ఎడమ చెవికి ఇప్పుడు మీ అత్తయ్య కేకే వినబడదు. (అది లాభమే అనుకో.)

సంక్రాంతికి వచ్చేటప్పుడు మెషీన్ కూడా పట్టుకురా. దొడ్లో మొవ్వు ఎండిపోయిన కొబ్బరి చెట్లు రెండున్నాయి, వంటింటి వైపు వాలి ఉన్నాయి. తాళ్ళు నేను సిద్ధం చేసి ఉంచుతాను.

ఇట్లు,
మావయ్య