సిగ్నల్ బలంగా ఉన్నా 4జీ వేగం పడిపోవడం గురించి

కొత్త సైటును (టవర్‌ను) ఆన్ చేశాక ఆర్‌ఎస్‌ఆర్‌పీ (ఫోన్‌కు అందే సిగ్నల్ బలం) మైనస్ 75 డీబీఎం, అంటే బలంగానే వస్తున్నా, ఎస్‌ఐఎన్‌ఆర్ (ఇతర సిగ్నళ్లు, నాయిస్‌తో పోలిస్తే మన సిగ్నల్ ఎంత మెరుగో చెప్పే కొలత) సున్నా దగ్గరే ఉండి వేగం మునుపటికంటే తగ్గిందని మీరు రాశారు. ఇది కవరేజీ లోపం కాదు, ఇంటర్‌ఫియరెన్స్, అంటే సెల్‌ల సిగ్నళ్లు ఒకదానికొకటి అడ్డుపడటం. పవర్ పెంచితే పొరుగు సెల్‌లకు ఇబ్బంది ఇంకా పెరుగుతుంది.

యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు, టిల్ట్ (యాంటెన్నా కిరణం కిందికి వంగే కోణం) 2 డిగ్రీలు, పక్క సైటు 500 మీటర్ల దూరంలో ఉందన్నారు. ఎత్తును టిల్ట్ కోణపు టాంజెంట్‌తో భాగిస్తే ప్రధాన కిరణం నేలను తాకే దూరం తెలుస్తుంది. మీరిచ్చిన అంకెలతో అది సుమారు 860 మీటర్లు, అంటే పక్క సైటును దాటి అవతలి వీధుల్లో పడుతోంది. 6 డిగ్రీలకు మారిస్తే 285 మీటర్లకు వస్తుంది. వీలైనంత వరకు ఎలక్ట్రికల్ టిల్ట్‌తోనే (యాంటెన్నాను కదపకుండా లోపలి సెట్టింగ్‌తో) మార్చండి, ఎందుకంటే మెకానికల్ టిల్ట్ (యాంటెన్నానే వంచడం) ముందువైపు కిరణాన్ని దించినా పక్కలకు పెద్దగా దించదు, వెనుకవైపు లోబ్‌ను (వెనక్కి వెళ్లే కిరణాన్ని) పైకి లేపుతుంది.

తరువాత పీసీఐలు (ప్రతి సెల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు) చూడండి. మొత్తం 504 ఉన్నా, ఎదురెదురు సెక్టార్ల (సైటులో ఒక్కో దిక్కును చూసే సెల్‌ల) సంఖ్యలను 3తో భాగించినప్పుడు ఒకే శేషం వస్తే, ఫ్రేములు సమకాలంలో నడిచే నెట్‌వర్క్‌లో రిఫరెన్స్ సిగ్నళ్లు (ఫోన్ కొలతలకు వాడేవి) ఒకదానిపై ఒకటి పడి, ట్రాఫిక్ లేని అర్ధరాత్రి కూడా ఎస్‌ఐఎన్‌ఆర్ పడిపోతుంది. ప్లానింగ్ టూల్ ఇచ్చిందన్న నమ్మకంతో చాలామంది దీన్ని సరిచూడరు.

రెండు మార్పులూ ఒకే రోజు చేయకండి. టిల్ట్ మార్చి, అదే దారిలో డ్రైవ్ టెస్ట్ (వాహనంలో తిరుగుతూ సిగ్నల్‌ను కొలవడం) చేశాకే పీసీఐ జోలికి వెళ్లండి.