కుండీలో గునుగు (బతుకమ్మలో పేర్చే పువ్వు) వేస్తే ఆకులే వస్తున్నాయి, పువ్వు రావడం లేదు. ఎందుకు?

ఏప్రిల్‌లో విత్తామని, సగానికి సగం వర్మీకంపోస్టు కలిపామని, రెండు పూటలా నీళ్లు పోస్తున్నామని రాశారు. ఆ మూడూ దానికి పడవు. గునుగుది తోటకూర కుటుంబమే కానీ తోటకూరను సాకినట్టు సాకితే పూయదు. ఎర్ర చెల్కల్లో, రాళ్ల గెట్ల మీద, బీళ్లలో వానకు మొలిచి ఆ ఏడాదికే ఎండిపోయే మొక్క అది. బలం ఎక్కువైతే ఆకు గుబురుగా వేసి పూత వెనక్కి నెడుతుంది. పైగా పగటి పొద్దు తగ్గే రోజుల్లోనే త్వరగా పూతకొస్తుంది. ఏప్రిల్‌లో వేస్తే ఎండాకాలమంతా ఆకుకే పోతుంది.

బతుకమ్మకు అందాలంటే జూన్ చివర్లోనో జులై మొదట్లోనో చల్లండి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, కుండీకి పిడికెడు మాగిన పశువుల ఎరువు చాలు. రోజంతా ఎండ తగలాలి. గింజ నల్లగా, నున్నగా, అచ్చం తోటకూర గింజలా ఉంటుంది. లోతుగా పూడిస్తే మొలక పైకి రాదు. చిటికెడు గింజల్ని గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన గింజ కనపడనంత ఇసుక రాల్చండి. వారం పది రోజుల్లో మొలుస్తాయి. నాలుగాకులు వేశాక పది అంగుళాల కుండీలో మూడు మొక్కలు ఉంచి మిగతావి పీకేయండి (పీకినవి పప్పులోకి బాగుంటాయి).

చిన్న కప్పుల్లో నారు పోసే పని పెట్టుకోకండి. వేరు చుట్టుకుపోయిందంటే మొక్క బెదిరి, జానెడు ఎత్తులోనే వేలెడు పువ్వు వేసి ఆగిపోతుంది. తర్వాత పెద్ద కుండీలోకి మార్చినా తేరుకోదు. నీళ్లు పై మట్టి అంగుళం లోతున ఆరాకే. తడి ఆరకపోతే లేత మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతాయి.

విత్తనం కొననక్కర్లేదు. కంకి కింది నుంచి పైకి పూస్తుంది కాబట్టి కొన ఇంకా గులాబీ రంగులో ఉండగానే తెల్లబడిన అడుగు భాగంలో గింజ ముదిరి ఉంటుంది. కాయకుండే చిన్న మూతలాంటిది ఊడి గింజ రాలిపోతుంది. బతుకమ్మకు తెచ్చిన పూల కింద పేపరు పరవండి, రాలిన నల్ల గింజలే వచ్చే ఏటి విత్తనం. పేర్చడానికి పూలను రంగుల్లో ముంచకముందే దులుపుకోండి. పక్కన ఎవరిదైనా జొన్నచేనో పత్తిచేనో ఉంటే మాత్రం మిగిలిన కంకులు గింజ రాలకముందే కోసేయండి, వాళ్లకది కలుపు.