జువాలజీ, కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి కూలింగ్ వాటర్‌లో ఏం పని?

పరవాడ దగ్గర్నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ, కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఫ్యాక్టరీల కూలింగ్ టవర్ల నుంచి వదిలే నీళ్ళలో విషం కనిపెట్టి తగ్గించే పని నేర్చుకుంటానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? బీఈడీ చేయించడం నయమంటున్నారు బంధువులు. టెన్షన్‌గా ఉందండీ."

ఉందండీ. పైగా రెండు సబ్జెక్టులూ కలిసిన మీ అమ్మాయికి బాగా సరిపోయే పని.

యంత్రాల వేడిని మోసుకొచ్చిన నీటిని చల్లార్చేదే కూలింగ్ టవర్. దాంట్లో నీళ్ళు తిరిగే కొద్దీ ఆవిరై లవణాలు చిక్కబడతాయి, అందుకని కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదులుతారు. దాన్ని బ్లోడౌన్ అంటారు. నాచు, బ్యాక్టీరియా పట్టకుండా వేసిన క్లోరిన్, ఇతర బయోసైడ్లు, తుప్పు పట్టకుండా వేసిన జింక్, ఫాస్ఫేట్, ఆవిరిని చల్లార్చి నీరుగా మార్చే కండెన్సర్ ట్యూబుల నుంచి కరిగొచ్చే రాగి, ఇవన్నీ దాంతోపాటే పోతాయి. థర్మల్ ప్లాంట్ల ప్రమాణాల్లో బ్లోడౌన్‌కి అంకెలతో లిమిట్ ఇచ్చింది నాలుగింటికే: లీటరుకు ఫ్రీ క్లోరిన్ 0.5 మిల్లీగ్రాములు, జింక్ 1, మొత్తం క్రోమియం 0.2, ఫాస్ఫేట్ 5. మిగతా తుప్పు నిరోధకాల సంగతి ఒక్కో ప్లాంట్‌ని బట్టి తేలుస్తారు. నిజానికి ఆ 0.5 క్లోరిన్ చాలు, డాఫ్నియా అనే చిన్న నీటి జీవులు చావడానికి. అంటే రిపోర్టులో అన్నీ పాసైన నీళ్ళలో కూడా ప్రాణులు చావొచ్చు.

చంపుతున్నది ఏదో కనిపెట్టే పద్ధతిని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1990ల మొదట్లోనే వివరంగా రాసిపెట్టింది. ఒకే శాంపిల్‌ని కొన్ని జాడీల్లో పోస్తారు. ఒకదాన్ని అలాగే ఉంచుతారు, ఒకదాంట్లో క్లోరిన్‌ని విరిచే సోడియం థయోసల్ఫేట్, మరోదాంట్లో లోహాల్ని పట్టుకునే ఈడీటీఏ వేస్తారు, ఇంకోదాన్ని సేంద్రియ రసాయనాల్ని ఆపే కాలమ్ గుండా పోనిస్తారు. ప్రతి జాడీలో పుట్టి ఒక రోజు కూడా దాటని డాఫ్నియా పిల్లల్ని వదిలి 48 గంటలు చూస్తారు. ఈడీటీఏ జాడీలో మాత్రమే బతికాయనుకోండి, లోహం మీద అనుమానం. థయోసల్ఫేట్ రాగిని కూడా కొంత పట్టుకుంటుంది కాబట్టి ఒక్క జాడీ చూసి తీర్పు చెప్పకూడదు, అన్నీ కలిపి చదవాలి. ఇక్కడే జువాలజీ, కెమిస్ట్రీ రెండూ తెలిసిన మనిషి కావాలి.

దోషి దొరికితే తగ్గించడం చాలాసార్లు తేలికే. బయోసైడ్ షాక్ డోస్, అంటే ఒకేసారి ఎక్కువ మోతాదు, వేసిన రోజు ఆ మందు విరిగేదాకా బ్లోడౌన్ వాల్వ్ మూసి ఉంచడం, వదిలే ముందు బైసల్ఫైట్‌తో క్లోరిన్ తీసేయడం, రాగి ట్యూబుల బదులు టైటానియం వేయడం లాంటివి. ఈ చివరిదానికి డబ్బు బాగా అవుతుంది, యాజమాన్యాన్ని ఒప్పించాలంటే చేతిలో గట్టి డేటా ఉండాలి.

మీ ఊరికే వస్తే, సింహాద్రి ఎన్టీపీసీ థర్మల్ ప్లాంట్ కూలింగ్‌కి వాడేది సముద్రపు నీరు. డాఫ్నియా మంచినీటి జీవి, ఆ ఉప్పులో పనికిరాదు, సముద్ర జీవులతోనే పరీక్షించాలి. పక్కనే ఫార్మా సిటీ. ఫార్మా వ్యర్థజలాలకైతే బయోఅస్సే, అంటే బతికున్న జీవులతో చేసే పరీక్ష, ప్రమాణం ఉండనే ఉంది: మంచినీళ్ళు కలపని వ్యర్థజలంలో 96 గంటల తర్వాత 90 శాతం చేపలు బతికుండాలి. ఈ పరీక్ష చేసే ల్యాబులకు, ఫ్యాక్టరీల వ్యర్థజల శుద్ధి ప్లాంట్లకు (ఈటీపీలకు), వాటర్ ట్రీట్‌మెంట్ కెమికల్ కంపెనీలకు మనుషులు కావాలి.

ఏపీ పీజీసెట్ రాసి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లోనో, ఎనలిటికల్ కెమిస్ట్రీలోనో ఎంఎస్సీ చేయించండి. తర్వాత గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పేపర్ ఉంది, 2021లో మొదలుపెట్టారు. పరిశోధన ఇష్టమైతే పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, లక్నోలోని విషపదార్థాల పరిశోధన సంస్థ ఐఐటీఆర్ వైపు చూడొచ్చు. కల్పాక్కంలో అణు పరిశోధన సంస్థ బార్క్ వాళ్ళు కూలింగ్ వాటర్ కెమిస్ట్రీ మీద కూడా పనిచేస్తారు. డిగ్రీ పేరు కన్నా ప్రాజెక్టు ముఖ్యం, నా మాట నమ్మండి. సొంతంగా డాఫ్నియా పెంచి, ఒక లోహం ఎంత మోతాదులో సగాన్ని చంపుతుందో లెక్కగట్టిన అమ్మాయికి ఇంటర్వ్యూలో చెప్పడానికి బోలెడుంటుంది.

మొదట్లో జీతం తక్కువే ఉండొచ్చు, అర్ధరాత్రి శాంపిల్ కోసం ప్లాంట్‌కి వెళ్ళాల్సి రావచ్చు. ఆ రెండూ అమ్మాయికి ముందే చెప్పండి. బీఈడీ తర్వాతైనా చేసుకోవచ్చు. కాలేజీలో సీటు ఖాయం చేసే ముందు మాత్రం ఒక్క ప్రశ్న అడగమనండి: "సార్, మీ ల్యాబులో బతికున్న జీవులతో టాక్సిసిటీ పరీక్ష చేయిస్తారా?"