గుమాస్తాను తీసే ముందు ఒక్క మాట

అమ్మాయీ,

షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడుతున్నావట, మంచిది. ఇక గుమాస్తాతో పనేముంది, మాన్పించేద్దామా అని అడిగావు. తొందరపడకు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాన్ని మొత్తంగా మింగెయ్యడం అరుదు. అందులోంచి కొన్ని పనులు లాగేసుకుంటుంది. 1979లో విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ వచ్చింది, అంటే గళ్ళలో అంకెలు వేస్తే తనే లెక్కకట్టే ప్రోగ్రాం. అంతకుముందు ఒక్క అంకె మారితే మొత్తం మళ్ళీ కూడుకోవాల్సి వచ్చేది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో పద్దులు రాసే గుమాస్తాలు తగ్గారు, అకౌంటెంట్లు, విశ్లేషకులు పెరిగారు. అలాగని పని పోయినవాడే వెళ్ళి కొత్త కుర్చీలో కూర్చున్నాడనుకోకు. ఆ పని అతనికి ఎవరో నేర్పాలి. చిన్న వ్యాపారంలో ఆ ఎవరో నువ్వే.

కాబట్టి ముందు గుమాస్తా రోజంతా ఏమేం చేస్తాడో రాసుకో. బిల్లులు, కూడికలు, నెలాఖరు లెక్క సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోతాయి. ఎవరికి అరువివ్వొచ్చు, ఏ సరుకు ఎప్పుడు కదులుతుంది, ఎవరు ఒకే బిల్లు రెండుసార్లు పంపుతారు లాంటివి ఆయన బుర్రలోనే ఉంటాయి.

మొదట్లో స్టాకు దగ్గరే టెన్షన్ మొదలవుతుంది. రెండు పెట్టెలొచ్చాయి, ఒక్కోదాంట్లో డజను. కంప్యూటర్లోకి ఎక్కించినవాడు 'రెండు' అని కొట్టాడు. అమ్మకం మాత్రం విడిగా, అలా 13 పోయాయి. స్క్రీన్ మీద మైనస్ 11, ర్యాకులో చూస్తే ఇంకా 11. కంప్యూటర్ లెక్క తప్పలేదు, చెప్పినదాన్నే కూడింది, తీసేసింది. తేడా ఎక్కడొచ్చిందో పట్టుకునేది సరుకు దించుకున్న మనిషే. స్క్రీన్ మీది అంకెను అనుమానించడమే ఇప్పుడు నేర్పాల్సిన పని. బటన్లు నొక్కడం ఎవరికైనా వస్తుంది.

నేర్పడమంటే సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళు చూపించే గంట డెమో కాదు. పని గంటల్లోనే, జీతమిస్తూ నేర్పు. ఉత్తుత్తి బిల్లులు కొట్టించు, రద్దు చేయించు, వాపసు సరుకు ఎక్కించమను. ఒక నెల పాత పుస్తకం, కంప్యూటర్ రెండూ నడవనీ. ఫోన్ చకచకా నొక్కే కుర్రాడిని ఆయన పక్కన కూర్చోబెట్టు. వాడికి స్క్రీన్ తెలుసు, ఆయనకు వ్యాపారం తెలుసు. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండనివ్వకు.

జీతం సంగతీ చూడు. పని పెరిగినా జీతం పెంచకపోతే, నీ దగ్గర నేర్చుకున్నవాడు ఇంకోచోట చేరతాడు. ఇంత చేశాక కూడా నిజంగా ఒకరికి పని లేదని తేలితే, ఆ మాట ఆఖరి రోజున కాదు, నెలల ముందే ఎదురుగా కూర్చుని చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న