పడమటి గది సెగకు ముందు స్లాబు సంగతి చూడండి

అన్నా, కనిగిరిలో పై అంతస్తు, పడమటి గది, రాత్రి పదకొండైనా మంచం సెగ కొడుతోంది, ఏసీకి బడ్జెట్ లేదు అన్నారు కదా. ఆ వేడి ఎక్కువగా స్లాబుదే. పగలంతా ఎండకు కాగి, రాత్రికి కిందికి వదులుతుంది.

డాబా మీద సున్నం వేయించండి. బాగా ఊడ్చి కడిగించి, రాత్రంతా నానిన సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోటింగులు. సాయంత్రం వేస్తే మేలు, మండుటెండలో వేస్తే పొడిగా రాలిపోతుంది. కళ్లలో పడనివ్వొద్దు. వానలకు కొంత పోతుంది కాబట్టి ఏటా మార్చిలో మళ్లీ వేయాల్సిందే.

కిటికీకి లోపల కర్టెన్‌తో లాభం తక్కువ, అద్దం దాటిందంటే ఎండ గదిలోకి వచ్చేసినట్టే. బయట తాటాకు తడికో గ్రీన్ నెట్టో కట్టండి. మీ వైపు గాలి పొడిగా ఉంటుంది గనుక వట్టివేళ్ల తడికె తడిపి కట్టినా పనిచేస్తుంది, ఎదురు కిటికీ కాస్త తెరిచి ఉంచాలి. మా కావలిలో సముద్రపు తేమకు అది పెట్టామంటే ఉక్కపోతే!

బయట చల్లబడ్డాక కిటికీలన్నీ తెరిచి, టేబుల్ ఫ్యాన్‌ను ఒక కిటికీలో బయటికి తిప్పి పెట్టండి, వేడి గాలిని నెట్టేస్తుంది. అద్దె ఇల్లయితే సున్నానికి ముందు ఓనర్‌ని అడగండి.